కుడివైపు పాట

ఆడపిల్లల హాస్టల్,
మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం.

వదినా,

ఈ పిలుపుకి నా చెయ్యి ఇంకా అలవాటు పడలేదు. బడిలో పక్కన కూర్చుని నా పెన్సిళ్లన్నీ కొరికిపెట్టిన మనిషిని వదినా అనడమేమిటో! అయినా అన్నయ్యకి కట్టబెట్టి నిన్ను మా ఇంటికి తెచ్చుకున్నది నేనే కాబట్టి నోరు మూసుకుని అంటున్నాను.

అసలు సంగతి విను. మిణుగురు మళ్లీ వెలిగింది! ఆరేళ్లుగా పత్తా లేని మనిషి మొన్న ఉన్నట్టుండి ఒక చిన్న పాట ముక్క వదిలింది. పూర్తి ఆల్బమ్ చలికాలం మొదట్లో వస్తుందట. ఇక్కడ అభిమానులందరూ పూనకం వచ్చినట్టు ఊగిపోతున్నారు. మిణుగురు ఆడా మగా అన్న పాత గొడవ మళ్లీ మొదలైంది. నువ్వు ఆయనంటావు, నేను ఆవిడంటాను. ఎవరైతేనేం, ఒక కంప్యూటరూ నాలుగు మీటలూ పెట్టుకుని మన ఇద్దరి ప్రాణాలూ తోడేస్తున్న మనిషి.

మన ఒట్టు గుర్తుందిగా? ఒక్క ఇయర్‌ఫోన్ ఇద్దరం పంచుకున్న రోజుల నుంచీ ఎడమ నాది, కుడి నీది. మిణుగురు ఒక్కో చెవికి ఒక్కో చప్పుడు పెడుతుంది కదా. ఎదుటివాళ్ల వైపు వినడం దొంగతనం. ఎవరి వైపు ఏముందో రెండోవాళ్లకి మాటల్లో చెప్పాలి. ఇప్పుడు దూరంగా ఉన్నాం కాబట్టి ఉత్తరంలో రాయాలి. ఫోన్లో కుదరదు. ఫోన్లో నువ్వు "ఆ, బానే ఉంది" అని తేల్చేస్తావు.

ఇదిగో నా ఎడమవైపు. మొదట ఏమీ ఉండదు. తర్వాత ఎవరో తడి గచ్చు మీద చెప్పులు లేకుండా నడుస్తున్నట్టు. ఆ అడుగుల కింద ఒక పొడవాటి స్వరం, ఊపిరి బిగబట్టినట్టు. ఆ ఊపిరి వదిలేలోపే ముక్క అయిపోతుంది. వదలడం నీ వైపు ఉందని నా అనుమానం. ఆ అనుమానంతో నాకు పుస్తకం మీద మనసు నిలవడం లేదు.

నా గదిలో ఒక పిల్ల ఉంది. ఎప్పుడూ తల మీద పెద్ద హెడ్‌ఫోన్. రెండు చెవులతోనూ వింటుంది. అందుకని రెండు చెవుల పిల్ల అని పేరు పెట్టాను. మన ఒట్టు సంగతి చెబితే పడీ పడీ నవ్వింది. "సగం సినిమా నువ్వు చూసి, మిగతా సగం పక్కవాళ్లని అడుగుతావా?" అంది. తన హెడ్‌ఫోన్ ఇస్తానని కూడా అంది. మంచిదే పాపం. నేనే వద్దన్నాను.

చదువు బాగానే సాగుతోంది. గాజు గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవుల్లోకి సన్నని కూతలు పంపి, వినపడినప్పుడల్లా చెయ్యెత్తమంటాం. ముందు ఒక చెవి, తర్వాత రెండోది. మన ఇంట్లో పదో తరగతి దాటినదాన్ని నేనొక్కదాన్నే కదా, అమ్మ అందరితో "మా పిల్ల చెవుల డాక్టరు" అంటోందట. డాక్టరు కాదని, డాక్టరు పక్క గదిలో మీటలు నొక్కే మనిషినని నువ్వైనా చెప్పు.

కుడివైపు ఏముందో వెంటనే రాయి.

నీ ఆడపడుచు
(అంతకు ముందు స్నేహితురాలు)


మన ఇల్లు,
కుట్టుమిషను పక్కన.

ఒసే పిల్లా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. బడులు తెరిచే రోజులు. యూనిఫాంలు కొండలా పేరుకున్నాయి. కాలర్లు కుట్టీ కుట్టీ, మనుషుల్ని చూసినా ముందు మెడ కొలత కనిపిస్తోంది. మీ అన్నయ్య ఫ్యాన్లూ మోటార్లూ బాగుచేసే సరంజామా అంతా ముందు గదిలోకి మార్చారు. ఒకవైపు నా మిషను, ఒకవైపు ఆయన సుత్తి. మీ అమ్మగారు ఈ సంత భరించలేక వాకిట్లో కూర్చుంటున్నారు.

ఆ రెండు చెవుల పిల్ల గురించి అంత రాశావు, ఆ హెడ్‌ఫోన్ ఏ రంగో కూడా రాయాల్సింది, తృప్తిగా ఉండేది. మంచిదే పాపం అట! పక్క మంచం మీద మంచివాళ్లుంటే పాతవాళ్లు మసకబారడం మామూలే. నేనేమీ అనుకోను అని రాద్దామనుకున్నాను. అనుకుంటున్నాను.

నీ ఎడమవైపు చదివాను. మీ అన్నయ్యకి కూడా చదివి వినిపించాను. "ఇంతోటి దానికి స్టాంపు ఖర్చా?" అన్నారు. నీ ఉత్తరమొస్తే ఆయనకి ఎందుకో ముఖం ముడుచుకుపోతుంది.

ఇక నా కుడివైపు. మొదట్లో ఉత్త గాలి. తర్వాత బేరింగ్ అరిగిన ఫ్యాన్ తిరుగుతున్నట్టు గరగర. కాసేపటికి కరెంటు సన్నబడినట్టు వేగం తగ్గి, మళ్లీ అందుకుంటుంది. చివర్లో, మోటారు కట్టేశాక కూడా చక్రం కొంచెంసేపు తనంతట తాను తిరుగుతుంది చూడు, అలా తిరిగి ఆగిపోతుంది. అంతే. ఊపిరి వదలడం లాంటిదేమీ లేదు.

ఒళ్లు జాగ్రత్త.

నీ వదిన


హాస్టల్,
మెట్ల మీద కూర్చుని.

శ్రీమతి వదిన గారికి నమస్కరించి రాయునది,

తమరి ఉత్తరం అందింది. అందులో కుడివైపు గురించి రాసిన మాటల్లో ఒక్కటి కూడా తమరిది కాదు.

నీతో కలిసి పెరిగినదాన్నే. నువ్వు దేని గురించి చెప్పినా గుడ్డతో పోలుస్తావు. పోగు లాగినట్టుంది అంటావు, గంజి పెట్టినట్టుంది అంటావు. మన లెక్కల మాస్టారి గొంతుని "అంచు కుట్టని దుప్పటి" అన్న మనిషివి. నీ నోట బేరింగ్ అన్న మాట నేనెప్పుడు విన్నాను? మోటారు కట్టేశాక తిరిగే చక్రమా? అది మా అన్నయ్య మాట. అంటే నీ కుడివైపు అన్నయ్య విన్నాడు. మరి నువ్వెక్కడ కూర్చున్నావు? నా వైపు!

మిణుగురువి "రిపేరుకొచ్చిన పాటలు" అని వెక్కిరించిన మనిషి! మనం గుమ్మంలో కూర్చుని వింటుంటే తీగ లాక్కుని పారిపోయిన మనిషి! ఆయనకి నీ చోటిచ్చి, నన్నడక్కుండా నా చోటు తీసుకున్నావు. రెండు చెవుల పిల్ల హెడ్‌ఫోన్ ముట్టుకోకుండా నేనిక్కడ నిష్ఠగా ఉంటే, అక్కడ మీరిద్దరూ చెరో చెవీ పంచుకుంటున్నారా?

ఒక మాట చెప్పనా? నిన్ను ఎవరో ఎక్కడికో తీసుకుపోతారని భయపడి, అన్నయ్య దగ్గర నీ మాట ఎత్తింది నేనే. ఇంట్లోనే ఉంచేసుకుందామని. కొరివితో తల గోక్కున్నాను. ఇప్పుడు నువ్వు ఇంట్లో ఉన్నావు, నేను బయట ఉన్నాను.

సరే, నన్ను నేను సముదాయించుకుని రాస్తున్నాను. ఆల్బమ్ వచ్చే ముందురోజు సాయంత్రం మిణుగురు ఇక్కడ ఒక హాల్లో మొత్తం పాటలు ఒకసారి వినిపిస్తోంది. టికెట్లు దొరకడం గగనం. రెండు చెవుల పిల్ల వరసలో నిలబడి తనకొకటి, నాకు రెండు సంపాదించిపెట్టింది. ఆ రెండోది నీది. నువ్వొక్కదానివే రా. నువ్వొస్తే బేరింగ్ సంగతి ఈ జన్మలో ఎత్తను.

ఆడపడుచు


మన ఇల్లు.

ఆడపడుచు గారికి,

రాలేను. పని ఉంది.

కట్టుకున్న మొగుడు పక్కన కూర్చున్నా ఆడపడుచుకి సంజాయిషీ ఇచ్చుకోవాలని నాకు తెలియదు. నీ చోట పరాయివాళ్లెవరూ కూర్చోలేదు. నేనే కూర్చున్నాను. ఎందుకని అడగకు.

టికెట్లు సంపాదించిన పిల్ల పక్కనే కూర్చో. దానికి రెండు చెవులున్నాయి. నీకేది వినపడితే దానికీ అదే వినపడుతుంది. మాటల్లో చెప్పే శ్రమ కూడా ఉండదు. నువ్వు పెద్ద చదువులో పడ్డావు. నేను కాలర్లు కుట్టుకునేదాన్ని. మన ఒట్టు చిన్నపిల్లలు వేసుకున్నది, దాన్ని ఇంత దూరం లాగడం నాదే తప్పు.

హాల్లో ఎలా ఉందో నాకు రాయకు.

ఇట్లు,
మీ అన్నయ్య భార్య


హాస్టల్.

అన్నయ్య భార్యకి,

సరే. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. ఆ పిల్లతోనే వెళ్తాను. నిన్న దాని హెడ్‌ఫోన్ అడిగి తీసుకుని తల మీద పెట్టుకున్నాను కూడా. చాలా మెత్తగా ఉంది. పాట మొదలుపెట్టలేదు. కానీ పెడతాను. నీ వైపు ఏముందో నీకన్నా ముందు నేనే వింటాను.

అన్నయ్యని అడిగానని చెప్పు. లేదా చెప్పకు.


మన ఇల్లు,
ముందు గది.

చెల్లాయికి,

అన్నయ్య రాయునది. నేను ఐదుతో బడి మానేసినవాణ్ని, తప్పులుంటే సర్దుకుని చదువుకో. మీ వదిన దారాలు కొనడానికి బజారుకెళ్లింది, అందుకని గబగబా రాస్తున్నాను. నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి మనిషి మెతుకు ముట్టడం లేదు.

మీ వదినకి కుడి చెవి వినపడదు. నువ్వు హాస్టల్‌కి వెళ్లిన కొన్నాళ్లకి, ఒకరోజు లేచేసరికి నీళ్లు పోయినట్టు మూసుకుపోయింది. జలుబు అనుకుంది. వీధి చివర డాక్టరు గుబిలి అన్నాడు, చుక్కల మందు ఇచ్చాడు. మందు అయిపోయింది, చెవి రాలేదు. నీకు రాయమంటే "చదువుకునే పిల్లని కంగారుపెట్టకండి" అంటుంది. అది పైమాట. చెవి లేదని తెలిస్తే నీకు ఆ రెండు చెవుల పిల్లే ఎక్కువైపోతుందని లోపల భయం. నీ మొదటి ఉత్తరం వచ్చాక మరీ మొండికేసింది.

నీ పాట ముక్క వచ్చినప్పుడు నా చెవిలో పెట్టి "ఏం వినపడుతోందో చెప్పండి" అని పీక మీద కూర్చుంది. నాకేం తెలుసు? ఫ్యాన్ తిరిగినట్టుంది అన్నాను. "మీ చెల్లెలైతే ఎంత చక్కగా చెప్పేదో" అంది. పెళ్లయిన దగ్గర్నుంచి ఇదే పాట. కొత్త చీర చూపించినా మీ చెల్లెలైతే, సినిమాకి తీసుకెళ్లినా మీ చెల్లెలైతే. ఇంతకీ మొగుణ్ని నేనా నువ్వా? నాకూ ఒళ్లు మండుతుంది. ఇన్నాళ్లకి దాని పక్కన నాకొక చోటు దొరికింది, మిణుగురో మిడతో, చెవికి పెట్టుకుని విన్నాను. దానిమీద కూడా నువ్వు దెబ్బలాటకొచ్చావు.

నీ చెవుల చదువు ఇప్పుడు పనికిరాకపోతే ఇంకెందుకు? ఏదో ఒకటి చెయ్యి. నేను రాశానని చెప్పకు. చెప్పినా ఫరవాలేదు, తిట్లు తినడం నాకు కొత్త కాదు.

అన్నయ్య


వినికిడి పరీక్షల గది,
మధ్యాహ్నం విరామంలో.

ఒసే,

అన్నయ్య రాశాడు. ఆయన్ని తిట్టకు. తిడితే నేను ఊరుకోను.

ఫోన్ చేస్తే "కుడుతున్నాను" అని పెట్టేశావు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవు కదా, చదువు.

అన్నయ్య ఉత్తరం చదవగానే నాకు ముందు ఏమనిపించిందో తెలుసా? అయ్యో అని కాదు. అన్నయ్యకి తెలిసింది, నాకు తెలియలేదు అని. రోజంతా ముక్కూ మొహం తెలియనివాళ్ల చెవులు పరీక్ష చేస్తాను. నీ చెవి సంగతి మాత్రం ఫ్యాన్లు బాగుచేసే మనిషికి చెప్పుకున్నావు! ఆ మంట చల్లారాకే ఏడుపొచ్చింది. నేను ఇలాంటిదాన్నే. నీకు తెలుసు.

చెవి ఇలా ఉన్నట్టుండి మూసుకుపోతే వెంటనే చూపించాలని, ఆలస్యమైతే తిరిగి రావడం కష్టమని మాకు పాఠంలో చెప్పారు. ఇప్పటికే ఆలస్యమైంది. అయినా చూపించాలి. మా టీచరమ్మతో మాట్లాడాను. హాల్లో పాటలు వినిపించే రోజే ఇక్కడ గది ఖాళీగా ఉంటుంది. హాలు సంగతి వదిలెయ్, ఇక్కడికి రా.

ఇంకో సంగతి ఉంది. ఇది రాయాలా వద్దా అని కాగితం చింపి మళ్లీ మొదలుపెట్టాను. నీ ఫోన్ సెట్టింగుల్లో వినికిడి అని ఒకచోట ఉంటుంది. అందులో ఒక మీట ఉంది. అది నొక్కితే ఎడమవైపుదీ కుడివైపుదీ కలిసిపోయి రెండూ ఒకే చెవిలో వినిపిస్తాయి. ఒక చెవితో వినేవాళ్ల కోసమే పెట్టారు. అది నొక్కుకున్నావంటే నీ పక్కన అన్నయ్య అక్కర్లేదు. నేనూ అక్కర్లేదు. మొత్తం పాట నీ ఒక్కదానిదే. ఈ ముక్క నీకు చెప్పకుండా దాచేద్దామని ఒక పూటంతా గట్టిగా అనుకున్నాను. నా వల్ల కాలేదు. ఎక్కడ నొక్కాలో కింద బొమ్మ గీశాను.

రా.


మన ఇల్లు,
మూసిన కుట్టుమిషను మీద కాగితం పెట్టి.

పిల్లా,

క్షేమంగా చేరాను. బస్సులో పక్కనున్నావిడ నా కుడి చెవిలో దారంతా తన కష్టాలు చెప్పుకుంది. నేను తల ఊపుతూ కూర్చున్నాను. దిగేటప్పుడు "నీ అంత ఓపికగా విన్నవాళ్లు లేరమ్మా" అంది.

ఎదురుగా ఉన్నప్పుడు నేను చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. గాజు అవతల నువ్వు తెల్లకోటు వేసుకుని మీటల ముందు కూర్చుంటే నాకు గొప్పగా అనిపించింది. ఎడమ చెవికి గబగబా చెయ్యెత్తాను. కుడి చెవికొచ్చేసరికి ఏమీ లేదు. కానీ నువ్వు కూత పంపేటప్పుడల్లా నీ కనుబొమ్మలు కొంచెం పైకి లేస్తాయి, ఆ సంగతి నీకు అప్పటిదాకా తెలియదు. వాటిని చూసి చెయ్యెత్తాను. నీ ముఖం విప్పారింది. అది చూసి ఇంకా ఎత్తాను. అప్పుడు నువ్వు కనిపెట్టేసి, కావాలనే కనుబొమ్మలు ఎత్తి, కూత పంపలేదు. నేను చెయ్యెత్తాను. నువ్వు లేచి లోపలికొచ్చి, నా కుర్చీ గోడవైపు తిప్పేశావు. ఆ తర్వాత చెయ్యెత్తడానికి నాకేమీ మిగల్లేదు.

ఆ చెవి ఇక రాకపోవచ్చని మీ టీచరమ్మ చెప్పినప్పుడు నేను ఏడవలేదు. నువ్వే ఏడ్చావు. రెండు చెవుల పిల్ల గ్లాసుతో నీళ్లు తెచ్చి, ఏడుస్తున్న నిన్ను వదిలేసి ముందు నాకిచ్చింది. రాత్రి హాలు నుంచి ముఖం వెలిగిపోతూ వచ్చి, పాటల గురించి ఒక్క అక్షరం పొక్కనివ్వకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడుకుంది చూడు. నువ్వు రాసినట్టు మంచిదే. అందుకే మరీ మంట.

నీకెందుకు చెప్పలేదని అడిగావు. నీ పుస్తకంలో నేనొక పాఠం అవడం ఇష్టం లేక. నీ పక్క చెవిగానే ఉండిపోవాలని.

నువ్వు గీసిన బొమ్మ చూసి మీట నొక్కాను. పాత పాటలన్నీ విన్నాను. నువ్వు వాన అని చెప్పిన చోట వాన లేదే దొంగమొహమా! చప్పట్లు! రైలు అన్నావు, అది ఎవరో నవ్వడం. ఇన్నేళ్లూ ఎన్ని కోతలు కోశావు! కాకపోతే నీ వానే బాగుంది. చప్పట్లు విన్నాక పాట కొంచెం చిన్నదైపోయింది.

ఆల్బమ్ వచ్చింది. ఇంకా ముట్టుకోలేదు. మొత్తం పాట నాదే అన్నావు. మొత్తం నాదైతే అందులో నీకు చోటేది? మీట ఆర్పేశాను. ఎడమ నేను తీసుకుంటున్నాను. అది నీ చోటే, తెలుసు, కోపమొస్తే తెచ్చుకో. కుడి నువ్వు వినాలి. నాకోసం కాదు, నా వైపు ఖాళీగా ఉంటే చూడలేను. మీ అన్నయ్య తనకి ఏ చోటూ లేదని అలిగారు. నీ ఉత్తరం వస్తే ముందు ఆయనకి చదివి వినిపిస్తానని ఒప్పించాను.

మొదటి పాట కుడివైపు ఏముందో రాయి. బేరింగులు లేకుండా.

నీ వదిన


హాస్టల్,
కిటికీ మూసి, రెండు చెవుల పిల్లని బయటికి పంపి.

వదినా,

అన్నయ్యా, నువ్వు కూడా వింటున్నావు కదా, సర్దుకుని కూర్చో.

ఇన్నేళ్ల అలవాటు, కుడి చెవిలో పెట్టుకోగానే తల ఒకవైపు ఒరిగిపోయినట్టనిపించింది. వేరేవాళ్ల చెప్పులేసుకుని నడిచినట్టు. కాసేపటికి సర్దుకుంది.

ముందు ఒక సన్నని చప్పుడు. పొడవాటి పట్టు గుడ్డని ఎవరో ఒక చివర్నుంచి చించుతున్నట్టు. కానీ ఎంత చించినా అది రెండు కాదు. దాని వెనక ఒక గొంతు. మాటలు లేవు. ఏదో అడగబోయి ఆగుతుంది. గుడ్డ చిరుగుతూనే ఉంటుంది. మళ్లీ అడగబోతుంది, మళ్లీ ఆగుతుంది. ఆఖరికి అడిగేస్తుంది. ఏం అడిగిందో తెలియదు కానీ, అడిగినందుకు సిగ్గుపడిందని మాత్రం తెలుస్తుంది. ఆ వెంటనే అంతా ఆగిపోయి, చాలాసేపు ఏమీ ఉండదు. ఆ ఖాళీలో జవాబు ఉండాలి. ఇటువైపు లేదు.

అది విని ఊరుకోలేక వెనక్కి వెళ్లి పాత పాటల కుడివైపులన్నీ విన్నాను. నీ చోటుకి వచ్చాను కాబట్టి ఇప్పుడది దొంగతనం కాదు. ఒసే, ఇంత మంచి వైపు ఇన్నేళ్లూ నీ దగ్గర పెట్టుకున్నావా? అడిగినప్పుడల్లా "ఏముందే, ఊరికే గోనెపట్టా దులిపినట్టుంది" అనేదానివి! నేను నా వైపు చప్పట్లని వాన చేసి నీకు పెడుతుంటే, నువ్వు నీ వైపు పట్టు గుడ్డని గోనెగుడ్డ చేసి నాకు చూపించావు. ఒళ్లంతా భగభగమంటోంది. నీ చెవి పోయినందుకు ఏడ్చినదాన్నే, ఆ చెవి అనుభవించినదంతా తలుచుకుని ఇప్పుడు నిన్ను తిట్టుకుంటున్నాను.

ఎడమవైపు జాగ్రత్తగా చూసుకో. అది నేను పెంచుకున్న చోటు. ఆ గొంతుకి అటువైపు ఎవరైనా పలికారా? పలికితే ఏమన్నారు? వెంటనే రాయి. మరీ బాగుంటే మాత్రం కాస్త తగ్గించి రాయి, తట్టుకోలేను.

నీ కుడివైపు